యాంటీబాడీకి హారతి

ఒక్క కర్పూరం బిళ్లతో పుంగనూరు ఊరంతటికీ రోగనిరోధక శక్తి పీకేసిన మహానుభావుణ్ని మీరు చూసి ఉండరు. చూడకపోవడమే మీ ఆరోగ్యానికి మంచిది. ఎందుకంటే అది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లెలో ఒక ఆసుపత్రి వెనకున్న చిన్న పరిశోధనశాలలో పనిచేసేవాణ్ని. నాది కుప్పం. పక్క బల్ల రెడ్డెప్పది పుంగనూరు. మా ఇద్దరి నెత్తినా వసుంధర మేడమ్.

మన నెత్తురులో నేచురల్ కిల్లర్ కణాలని ఉంటాయి. జబ్బుపడిన కణం కనిపిస్తే సాక్షులూ వాయిదాలూ లేకుండా చంపేస్తాయి. ‘చంపు’ అని వాటిని పురిగొల్పే మీటల్లాంటివి వాటి ఒంటిమీదే ఉంటాయి. వాటినే రిసెప్టర్లంటారు. ఆ మీటను వెతుక్కుంటూ పోయి అతుక్కునే యాంటీబాడీ ఒకటి, చిటికెన వేలంత సీసాలో, నెలల తరబడి ఎదురుచూసేలా చేసి విదేశం నుంచి దిగింది. దానికి రంగు తోక ఉంటుంది. మీట ఉన్న కణం మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. లేకపోతే చీకటే.

ఏ ఊరివాళ్లలో ఈ మీట ఎంతమందికుందో తేల్చడం మా పని. ముందు కుప్పం వాళ్ల నెత్తురు చూశాం. నా కణాలైతే జాతరలో సీరియల్ లైట్లలా వెలిగాయి. అవి నేనే చేయించి పెట్టించినట్టు వారమంతా రెడ్డెప్ప ముందు ఛాతీ విరుచుకుని తిరిగాను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా వైపు ఆటో నుంచి మిక్సీ దాకా బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. మేడమ్ సెలవులో ఉంది, రెడ్డెప్ప ఊరికి పోయాడు. మైక్రోస్కోపుకు కుంకుమ పెట్టాను, ఫ్రిజ్‌కు పూలదండ వేశాను. అప్పుడు నా బుర్రకు జ్ఞానోదయమైంది. ఇవన్నీ బంట్లే, అసలు ఆయుధం ఫ్రిజ్ లోపలుంది కదా. సీసా బయటికి తీశాను. దానిమీద ‘వెలుతురు తగలనీయవద్దు’ అని ఉంది. దేవుడి వెలుతురు ఆ లెక్కలోకి రాదని నా పరిశోధనలో తేలింది. పడమటి కిటికీలోని దేవుడి పటం ముందు సీసాను కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, హారతిచ్చి, గుగ్గిళ్లు పంచడానికి పోయాను. మధ్యాహ్నం తిరిగొస్తే ఎండ సరిగ్గా సీసామీదే పడుతోంది. సూర్యభగవానుడు స్వయంగా దీవిస్తున్నాడని మురిసిపోయి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను.

ఆ తర్వాత పుంగనూరు నెత్తురు చూశాం. మొదట రెడ్డెప్పది. చీకటి. మిగతా వాళ్లదీ చీకటే. పుంగనూరోళ్ల కిల్లర్ కణాలకు మీటలే లేవని ప్రకటించేశాను. రెడ్డెప్ప ఆ రోజు నుంచి కాచిన నీళ్లే తాగాడు. ఎవరు దగ్గినా వరండాలోకి పరుగు.

‘‘జలుబు సేసినా పోతానంటావా?’’ అన్నాడొకనాడు నీరసంగా.

‘‘దానికి జలుబు యాలప్పా, తుమ్ము సాలు,’’ అన్నాను.

మర్నాడు బెంగుళూరులో పెద్ద పెద్ద శాస్త్రవేత్తల ముందు మేడమ్ మాట్లాడాలి. ఆ మాట మీదే మా పరిశోధనశాల బతుకు, నా ఫెలోషిప్ పొడిగింపు వేలాడుతున్నాయి. పుంగనూరు సంగతి చెప్పి తీరాల్సిందేనని ఆమె వెంటపడ్డాను. ఆమె ఖాళీ స్లైడు ఒకటి నా ముందు పెట్టింది.

‘‘సెప్తానులేప్పా. ముందు నీ నెత్తురు ఇంకొకసారి పెట్టు.’’

గర్వంగా చొక్కా చెయ్యి మడిచాను. రెడ్డెప్ప పగబట్టినవాడిలా సూది గుచ్చాడు. స్లైడు తయారయ్యాక మేడమ్ చూసి పక్కకు జరిగింది. నేను చూశాను. అమావాస్య. చివరికి రెడ్డెప్ప చూశాడు. వాడి ముఖంలోకి వారాల తర్వాత రక్తం వచ్చింది.

‘‘మా పుంగనూరికి ఎప్పుడు కాపురమొచ్చినావప్పా? ముందే సెప్పింటే బస్టాండుకొచ్చుందును కదా.’’

మేడమ్ సీసా తెమ్మంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. రంగు తోక వెలిసిపోయి, ఇక దాచి కాపాడటానికి అందులో ఏమీ మిగల్లేదని ఆమెకు అర్థమైపోయినట్టుంది.

‘‘దీని మొగాన ఈ కుంకుమేంది?’’

హారతి సంగతీ ఎండ సంగతీ చెప్పుకున్నాను. ఆమె బెంగుళూరులో కుప్పం ముక్క ఒక్కటే చెప్పి, పరిశోధనశాలను గట్టెక్కించింది. నా ఫెలోషిప్ మాత్రం గట్టెక్కలేదు. కొత్త సీసా వచ్చేదాకా రెడ్డెప్ప గాజు గొట్టాలు కడిగిపెట్టే కొలువు దక్కింది. ఆ సీసా రాగానే వాడి కణాలు నావాటికన్నా పచ్చగా వెలిగాయి. ఆసుపత్రిలో వంటామెతో సహా అందరినీ వరుసలో నిలబెట్టి చూపించాడు.

కాబట్టి ఆ ఆరిపోయిన సీసా సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో యాంటీబాడీకి హారతివ్వను. భక్తి మరీ పొంగుకొస్తే ఫ్రిజ్ తలుపుకు ఇచ్చుకుంటాను. అదీ మూసిన తలుపుకు.