కొసరుగా అడిగిన కాలేజీ

2022 నాటి సంగతి. మేడ్చల్‌లో మా నాయిన కిరాణా కొట్టు ముందు గదిలోనే అప్పటికి నా అడ్మిషన్ల గైడెన్స్ ఆఫీసు నడుస్తోంది. నా డిగ్రీ మార్కులు గోడకు తగిలిస్తే ఒక్క విద్యార్థి కూడా గడప తొక్కడు. అదృష్టవశాత్తూ, నీట్‌లో వెనకబడిన పిల్లలకు ఏ మెడికల్ కాలేజీలో చోటు దొరుకుతుందో చెప్పడానికి మార్కులు అక్కర్లేదు, బేరం తెలిస్తే చాలు. బియ్యం బస్తాల మధ్య పెరిగినవాణ్ణి, అదొక్కటి మాత్రం వచ్చు.

మా పనిలో అసలు కీలకం వెబ్ ఆప్షన్లు. విద్యార్థి తనకు కావలసిన కాలేజీలను ఒక వరుసలో పెట్టి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఆ ర్యాంకుకు మొదట ఏది అందితే అది ఇచ్చేస్తుంది. ఇచ్చినదాంట్లో చేరకపోతే ఆ ఏడాదికి ఇక తలుపులు మూసుకున్నట్టే. అందుకే ఆశపడేవి పైన, గతిలేకపోతే సరేననుకునేవి అడుగున పెట్టమంటాను. కొట్లో ధర చెప్పేటప్పుడు మేము చేసేదీ అదే.

ఆ సీజన్‌లో శామీర్‌పేట చెరువు వైపు నుంచి మల్లయ్య అనే ఆయన కూతురు స్వప్నను వెంటబెట్టుకొని వచ్చాడు. చేపలు పట్టి అమ్ముకున్న మనిషి. కిడ్నీలు చెడిపోయాక వల పక్కన పెట్టేశాడు. రోజు విడిచి రోజు సికింద్రాబాద్ దవాఖానలో డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకోవడం. కూతురే తోడు. ఆ వరండాలో కూర్చొనే ఆమె రెండోసారి నీట్‌కు చదివింది. ర్యాంకు కూడా అలాగే వచ్చింది.

"ఏంది సేటు, మా బిడ్డకు ర్యాంకు పెద్దగొచ్చిందంటె అందరు మొఖం ముడుస్తున్రు. చేపైనా ర్యాంకైనా పెద్దదుంటెనే మంచిది గదా?" అన్నాడు మల్లయ్య కూర్చుంటూనే.

"బాపూ, జర ఊకో. ఇజ్జత్ తీయకు," అంది స్వప్న నవ్వు ఆపుకుంటూ.

కిందటేడు కటాఫ్‌లు, అంటే ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూపించాను. నగరం చుట్టుపక్కల ప్రభుత్వ కాలేజీల్లో ఆశ చాలా తక్కువ. రాష్ట్రం అంచున, అడవి జిల్లాలో కొత్తగా వస్తున్న ప్రభుత్వ కాలేజీ మాత్రం అందేలా ఉంది. ఒక రోజంతా ప్రయాణం.

"పట్నం దగ్గరున్నయే పెట్టన్నా. రాకుంటె మళ్ల రాస్త," అంది స్వప్న.

"మూడోసారా?"

"మరి బాపును దవాఖానకు ఎవలు తోల్కపోతరు? అమ్మకు కంపెనీల సెలవియ్యరు."

"బస్సు తోల్కపోతది," అన్నాడు మల్లయ్య.

"వాపసొచ్చేటప్పుడు కండ్లు తిరిగి పడ్తె బస్సు లేపుతదా?"

నేను మధ్యలోకి దిగాను. ఇద్దరి మధ్య బేరం కుదర్చడమంటే నాకు పండగ. కానీ మల్లయ్య నాకు పని లేకుండా చేశాడు. కూతురు ఏ కాలేజీ అంటే అది, ఏ వరుసలో అంటే ఆ వరుసలో, "మంచిది బిడ్డా" అంటూ పోయాడు. అంతా అయిపోయి లేవబోతూ ఆగాడు.

"అన్ని నువ్వన్నట్టే జేసిన. గా దూరందొక్కటి కొసరుగ అడుగున పెట్టు బిడ్డా. ఆడిదాంక వస్తదా ఏంది?"

తూకం అయ్యాక గుప్పెడు శనగలో రెండు మిరపకాయలో పైన వేయమని అడిగేదే కొసరు. దాని దగ్గర ఎవరూ బేరమాడరు. స్వప్న కూడా ఆడలేదు. నవ్వి, "సరే పెట్టన్నా, ఆయన ముచ్చట," అంది.

బియ్యం దగ్గర గంటసేపు ఓడిపోయినట్టు నటించి, తమకు అసలు కావలసింది కొసరులో పట్టుకుపోయే కొనుగోలుదార్లను నేను కొట్లో చూశాను. మల్లయ్య చూపు ఎప్పటినుంచో ఆ దూరపు కాలేజీ మీదే ఉంది. పెద్ద చేప ముచ్చట చెప్పిన మనిషికి లెక్కలన్నీ తెలుసు. నేను ఆప్షన్లు లాక్ చేశాను, ఇక మార్చడానికి లేదు.

సీటు అక్కడే వచ్చింది.

"ఇద్దరు గలిసి నన్ను అమ్మిన్రు," అంది స్వప్న, ఆఫీసు మధ్యలో నిలబడి. వెనకాల మల్లయ్య గుమ్మం పట్టుకొని రొప్పుతున్నాడు. "నేను పోను. నువ్వే జెప్పు బాపూ, నేను పక్కనుంటె నీకు మంచిగ లేదా?"

"మస్తు మంచిగుంటది బిడ్డా. గందుకే పొమ్మంటున్న. ఇంకో ఏడు గడిస్తె, నిన్ను పొమ్మనబుద్ధి గాదు నాకు."

ఆమె వెళ్లింది. తర్వాతి విడతలో దగ్గరకు మారడానికి ప్రయత్నించాం, కుదరలేదు. మల్లయ్య ఒక్కడే బస్సులో డయాలసిస్‌కు పోయి వచ్చేవాడు. ఒంట్లో ఓపిక లేని రోజు మానేసేవాడు. కూతురు ఫోన్ చేస్తే, పోయివచ్చానని చెప్పేవాడు. ఎండాకాలంలో అలా వరుసగా మానేసినప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆటో దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. స్వప్న ఇల్లు చేరేసరికి వాకిట్లో అంతా సిద్ధం చేసి, ఆమె కోసమే ఆగి ఉన్నారు.

రెండో సంవత్సరం సెలవుల్లో ఒకసారి ఆఫీసుకు వచ్చింది. చాయ్ తెప్పించాను. సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"కిడ్నీల పాఠం అయిందన్నా. నేనుంటె బతుకుతుండె అని మస్తు ఏడ్చిన. బాపు కాయితాలన్ని ముంగటేస్కొని సదివిన. గుండె సుత గప్పటికే పాడైంది. నేనున్నా ఎక్కువ రోజులు ఉండకపోతుండె."

"మరింకేం, నీ తప్పేమీ లేదు కదా," అన్నాను. బేరగాడి అలవాటు, వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి.

"తప్పు ముచ్చట గాదన్నా. బాపుకు ఉన్నయే కొన్ని రోజులైతె, గవి నాయి గావాలె గదా."



మల్లయ్య చేసింది తప్పని ఈనాటికీ అనను. ఆ పిల్ల డాక్టరవుతుంది, ఆయన కోరింది అదే. కానీ ఆ రోజు ఆమె దేనికి ఒప్పుకుంటోందో ఆమెకు తెలియదు. ఒప్పించడం నాకు బాగా వచ్చు. ఒప్పుకోవడం వేరే పని అని ఆమె వల్లే తెలిసింది.

ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు పెద్దవాళ్ల ఎదుటే పిల్లల్ని అడుగుతాను: "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? అడుగున పెట్టిందే వస్తే, వాళ్లను వదిలి పోతావా?" తల్లిదండ్రులకు నచ్చదు. మీకెందుకండీ అంటారు. కొందరు పిల్లలు ఏడుస్తారు. ఏడుపు ఆగేదాకా కూర్చుంటాను. వాళ్లు ఏదో ఒకటి తమ నోటితో చెప్పాకే కంప్యూటర్ తెరుస్తాను.