ఉప్పుమళ్ల కోడలు, తొమ్మిది గిన్నెలు

నా తోడికోడలు వాన్‌జూ అక్క, టీ చెట్లు పెరిగే మా ఫెంగ్‌హువాంగ్ కొండ మీదికి కాపురానికి వచ్చిన చాలా రోజుల దాకా ఆమె దగ్గర సముద్రపు వాసన పోలేదని మా అత్తగారు అంటూ ఉండేవారు. అక్క పుట్టినిల్లు కింద తీరాన, ఉప్పుమళ్ల పక్కన. అక్కడ టీ అంటే సంతలో అన్నిటికంటే చవకగా దొరికే తుక్కు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే కుండలో మరుగుతూ ఉండేది. అలాంటి పిల్లను తెచ్చి, చెట్టు చెట్టుకూ ఒక పరిమళం ఉందని, ఒక చెట్టు ఆకును మరో చెట్టు ఆకుతో కలపడం పాపమని నమ్మే ఊళ్లో పడేశారు. మూడేళ్ల తర్వాత నేను ఆ ఇంటికి రెండో కోడలిగా వచ్చేనాటికి కూడా అక్క చేతికి అత్తగారు అప్పగించిన పని ఒక్కటే. ఎండిన ఆకులోంచి పుల్లలు ఏరడం.

పుల్లలు ఏరేవాళ్లకు మంచి టీ ఎవరూ పోయరు. మగవాళ్లు తాగి లేచాక, మూతగిన్నెలో మిగిలిన ఆకు మీద అక్క మళ్లీ మరిగే నీళ్లు పోసుకునేది. నాలుగోసారి, ఆరోసారి, ఒక్కోసారి పదోసారి కూడా. ముందు మూత తీసి దాని లోపలివైపు వాసన చూసేది. తర్వాత జుర్రుమని పీల్చి, కళ్లు మూసుకుని కూర్చునేది.

"చెల్లీ, ఇటు రా. ఇది తాగితే మా నాయనమ్మ బెల్లం దాచుకునే చెక్కపెట్టె మూత తీసినట్టు లేదూ?"

నాకు చెక్కపెట్టె కనపడేది కాదు గానీ, రెండో గుక్కకి బెల్లం తెలిసేది.

ఇంకోటి తాగి, "ఎండలో ఆరేసిన వల. చేపల నీచు పోయి దారం వాసన మిగులుతుందే, అదీ," అనేది. మొక్క దొంగిలిస్తారని భయపడి ఎవరో ముసలాయన బాతురెట్ట అని పేరు పెట్టుకున్న టీ ఉంది మా కొండ మీద. అది మొదటిసారి తాగిన రోజు అక్కకు కోపం వచ్చింది. "దీనికా ఆ పేరు? ఆ ముసలాయన ముక్కు కోయించాలి! మింగాక గొంతులోకి తియ్యగా తిరిగొస్తోంది చూడు. వాన కురిసి వెలిశాక ఉప్పుగట్టు మీద పూసే తెల్లపువ్వు ఇది." మూడొందల ఏళ్ల చెట్టు ఆకని ఊరంతా నెత్తిన పెట్టుకునే టీని మాత్రం పక్కకు నెట్టేసింది. "వయసుకు దణ్ణం పెడతా. టీకి పెట్టను. తడిసిన చాపలా ఉంది."

ఈ మాటలు ఊళ్లోకి పాకాయి. ఆమె నీళ్ల బిందెతో వీధిలో కనిపిస్తే చాలు, "వల వదినా, ఇవాళ ఏం చేపలు పడ్డాయి?" అని మగవాళ్లు ఎకసెక్కాలాడేవారు. అక్క మాత్రం మర్నాడు ఇంకో ఆకు మీద నీళ్లు పోసేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఆ ఏడాది వసంతపు పంట ఇళ్లకు చేరాక బడి హాల్లో టీ పోటీ పెట్టారు. తీర్పు చెప్పేవాళ్లు ఐదుగురు ఉండాలి. ఒకాయనకు జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయింది. పెద్ద తీర్పరి లిన్ దెహాయ్ తల పట్టుకుని కూర్చుంటే, మా మామగారు లేచి నిలబడ్డారు.

"మా పెద్దకోడల్ని కూర్చోబెట్టండి."

హాలంతా గొల్లుమంది. మా అత్తగారు సిగ్గుతో తల దించుకున్నారు. దెహాయ్ నవ్వలేదు. "పరీక్ష పెడతాను బావా. తప్పితే నువ్వు బాధపడకూడదు," అని, తన వెంట తెచ్చిన డబ్బాల్లోంచి ఆకు తీసి తొమ్మిది తెల్లగిన్నెల్లో వేసి నీళ్లు పోశాడు.

అక్క చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. మొదటి గిన్నె మూత ఎత్తగానే, "బెల్లంపెట్టె. గుడి మలుపు దగ్గరి చెట్టు," అంది. రెండోది బాతురెట్ట. మూడోది వల. ఎనిమిదో గిన్నె దాకా ఒక్క చెట్టు కూడా తప్పలేదు. హాల్లో నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

తొమ్మిదోది తాగి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ తాగింది. మరోసారి మూత వాసన చూసింది.

"ఇది ఒక చెట్టు కాదు మాస్టారూ. రెండు. ఒకటి పై మడికట్టు మీది ముసలి చెట్టు. రెండోది నాకు తెలీదు. లేతది, పాతికేళ్లు కూడా ఉండవు. నోట్లో ముందు వచ్చి ముందే పారిపోతోంది."

దెహాయ్ బల్ల కింది నుంచి రెండు డబ్బాలు తీసి అందరికీ కనపడేలా పెట్టాడు. "కావాలనే కలిపాను. లేతది మా పెరట్లోది. దానికి పంతొమ్మిదేళ్లు." తన పక్క కుర్చీ లాగి, "కూర్చో తల్లీ," అన్నాడు.

అసలు పోటీ అప్పుడు మొదలైంది. గిన్నెల మీద అంకెలే తప్ప పేర్లు లేవు. పద్నాలుగో గిన్నె దగ్గర అక్క చెయ్యి ఆగింది. అది మా ఇంటి టీ అని నాకు ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"ఆకు బంగారం. బొగ్గుల సెగ మీద ఆరబెట్టేటప్పుడు పాడైంది. చివర్లో అడుగంటిన గంజి రుచి. దీనికి బహుమతి వద్దు." మిగతా నలుగురూ తాగి చూసి తలలూపారు.

గిన్నెల పేర్లు బయటపెట్టాక, ఇంటికి వస్తూ దారిలోనే అత్తగారు విరుచుకుపడ్డారు. "సొంతింటి టీని నలుగురిలో గంజి చేశావు కదే!"

మామగారు నడక ఆపి పకపకా నవ్వారు. "తిట్టకే. బొగ్గుల దగ్గర కునుకు తీసింది నేను. నీకూ చెప్పలేదు. నాలిక మీద పట్టేసింది చూడు నా కోడలు!" ఆ మాట దారిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చారు. తన టీ ఓడిపోయిన రోజున అంత గర్వంగా నడిచిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వారం తిరక్కుండా మా వాకిట్లో మనుషులు బారులు తీరారు. ఒక్కొక్కరి చంకలో ఒక డబ్బా. "వదినా, మాది ఏ వాసనో చెప్పి పుణ్యం కట్టుకో." ఆమె చెప్పిన మాటలే చీటీల మీద రాసి సంతలో అతికించుకున్నారు. అత్తగారే స్వయంగా నీళ్లు మరిగించి, మొదటిసారి దిగిన టీ గిన్నె అక్క ముందు పెట్టేవారు.

మరుసటి వసంతానికి దెహాయ్ తీర్పుకు రమ్మని కబురంపితే, అక్క ఒక షరతు పెట్టింది. పుల్లలు ఏరే ఆడవాళ్లకూ పరీక్ష పెట్టాలని. పెట్టారు. పదకొండు మంది వెళితే నలుగురు నెగ్గారు. నెగ్గినవాళ్లలో నేనూ ఒకదాన్ని. పోటీ రోజున దెహాయ్ నీళ్లు పోస్తుంటే, తీర్పు బల్ల దగ్గర ఐదుగురం ఆడవాళ్లం వరసగా కూర్చుని, హాలు మారుమోగేలా జుర్రుమని టీ పీల్చాం.