మైకు వదలని పోశాలు

పోశాలు చేతికి మైకు ఇవ్వడం చాలా తేలిక. తిరిగి తీసుకోవడమే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. ఒక పెళ్లిలో వధూవరులను దీవించమని మైకిస్తే, ఆ దీవెన పూర్తయ్యేలోపు పెళ్లికొడుకు నిలబడే కునుకు తీశాడని జనగామలో చెప్పుకుంటారు. రక్తదాన శిబిరంలో నాలుగు మాటలు చెప్పమంటే, ఇద్దరు కుర్రాళ్లు రక్తం ఇవ్వకముందే కళ్లు తిరిగి పడిపోయారట. వాళ్లలో ఒకడు ఆకలికి పడ్డాడనీ, ఆ లెక్క తన ఖాతాలో వేయడం అన్యాయమనీ పోశాలు వాదన.

ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం దిగిపోయింది గానీ గొంతు దిగలేదు. పల్లెవెలుగు బస్సులో, ఇంజను మోతలో, వెనక సీట్లో గుర్రుపెట్టేవాణ్ని లేపి టికెట్ అడిగి అడిగి పదునెక్కిన గొంతు అది.

పాపం, హరితకు ఇవేవీ తెలియవు. పరిశ్రమల శాఖలో కొత్తగా చేరిన ఆఫీసరు. చేరగానే ఆమె నెత్తిన పెద్ద పనే పడింది. పరిశ్రమలకు పైపుల ద్వారా సహజవాయువు ఇవ్వడానికి ప్రభుత్వం ఒక విధాన ముసాయిదా రాసింది. పెద్ద పైపులైను వస్తుంది. దాన్నుంచి ఎవరికి పాయ తీసివ్వాలి, ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదానిమీద మూడు జిల్లాల్లో సభలు పెట్టి జనం మాట వినాలి. సభకు నియమం ఒక్కటే. చెప్పదలచినవాళ్లు స్వయంగా వచ్చి మైకులో చెప్పాలి, అది రికార్డవుతుంది. మైకు దగ్గర మనిషి లేకపోతే సభ ముగిసినట్టే.

అధ్యక్షత వహించడానికి హైదరాబాద్ నుంచి జాయింట్ డైరెక్టర్ గారు వచ్చారు. ఆయనకు గ్యాసు మీదకంటే రైలు మీద శ్రద్ధ ఎక్కువ. "త్వరగా ముగించేయాలమ్మా. రైలు తప్పితే నా నడుము బస్సుకు తట్టుకోదు," అని దిగీ దిగగానే చెప్పేశారు.

మొదటి సభ జనగామలో. పెద్ద పెద్ద మిల్లులవాళ్లు కారుల్లో వచ్చారు, చెప్పాల్సింది చెప్పారు, కారెక్కి వెళ్లిపోయారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని హరిత మర్యాదకు అడిగింది. ఆ మర్యాదే కొంప ముంచింది. మూడో వరసలోంచి తెల్లచొక్కా, భుజాన తువ్వాలుతో ఒక పొడుగాటి మనిషి లేచాడు.

"సార్లకు, మేడంలకు నమస్తే. నా పేరు పోశాలు. ఒక్కటే ముచ్చట. గ్యాసు గురించి మాట్లాడాలంటె, ముందుగాల నిప్పు గురించి మాట్లాడాలె."

నిప్పు గురించి అంటే మామూలుగా కాదు, మనిషి రాయికి రాయి కొట్టిన నాటినుంచి. అక్కణ్నుంచి కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి, ఊక పొయ్యి మీదుగా కిరసనాయిలు స్టవ్వుకు వచ్చేసరికి కథలోకి ఆయన అత్తగారు ప్రవేశించింది. వచ్చిన అత్తగారు ఒక పట్టాన కదల్లేదు. స్టవ్వుకు పిన్ను పెట్టింది, పంపు కొట్టింది, అల్లుణ్ని తిట్టింది. చారు పొంగిపోయింది.

"ఆఖరుగ ఒక్క ముచ్చట చెప్పి ముగిస్త," అన్నాడు పోశాలు. హాలంతటికీ ప్రాణం లేచొచ్చింది. జాయింట్ డైరెక్టర్ గారు పెన్ను జేబులో పెట్టుకున్నారు.

"మా ఊర్లె మొట్టమొదలు సిలిండరు తెచ్చింది ఎవరో ఎరుకేనా సార్?"

పెన్ను మళ్లీ బయటికొచ్చింది.

హరిత మైకుసెట్టు నగేష్‌కు సైగ చేసింది. నగేష్ టక్కున మైకు కట్ చేశాడు. అంతే, పోశాలు గొంతు రెట్టింపైంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగిచూశారు.

"గిదే వద్దని చెప్పిన మేడం. మైకుంటేనే జర మెల్లగ మాట్లాడుతడు," అన్నాడు నగేష్, మళ్లీ ఆన్ చేస్తూ.

అలా ఎంతసేపు నడిచేదో గానీ, లింగాల ఘనపూర్‌లో బేకరీ నడిపే గఫార్ రొప్పుకుంటూ లోపలికొచ్చాడు. చొక్కా నిండా మైదాపిండి. పోశాలు ఠక్కున ఆపి, మైకు ఆయన చేతిలో పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. అలసిపోయాడు కాబోలు అనుకుంది హరిత.

"సలాం సార్. రొట్టెల పని ఒడిసేదాంక ఎల్లనీకి కాలె. మా భట్టీ కట్టెల మీదనే నడుస్తది. కట్టెలు దొరుకుత లేవు. మాసొంటి చిన్నోళ్లకు పైపు అస్తదా, రాదా?" అన్నాడు గఫార్.

"ముసాయిదాలో చిన్న యూనిట్లు లేవు. ఎక్కువ గ్యాసు వాడేవాళ్లకే పాయ," అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు, వాచీ చూసుకుంటూ. గఫార్ ముఖం చిన్నబోయింది.

రెండో సభ భూపాలపల్లిలో. ఈసారి హరిత తెలివిగా ఒక గంట తెప్పించింది. టైమైపోగానే నగేష్ దాన్ని కొట్టాలి. పోశాలు జనగామ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆయన నిప్పు దాటి, పిడకలు దాటి, అత్తగారి దగ్గరకు రాగానే నగేష్ టింగు టింగుమని రెండుసార్లు కొట్టాడు. పోశాలు ఇంకా హుషారుగా సాగిపోయాడు.

"గంట వినబడలేదా?" అని హరిత నెత్తి పట్టుకుంది.

"ఎందుకినలేదు మేడం? ఒక్క బెల్లు గొడితె ఆగాలె, రెండు గొడితె పోవాలె. మీరు పొమ్మన్నరు, నేను పోతున్న," అన్నాడు పోశాలు.

జనం పడీపడీ నవ్వారు. జాయింట్ డైరెక్టర్ గారు మాత్రం నవ్వలేదు. అత్తగారు రెండోసారి చారు పొంగించాక, పక్క మండలం నుంచి ఇటుకల బట్టీ నడిపే అన్నదమ్ములు బండి మీద దుమ్ము కొట్టుకుని వచ్చారు. పోశాలు మైకు వాళ్లకిచ్చి కూర్చున్నాడు. హరితకు అప్పుడూ వెలగలేదు. కాజీపేట స్టేషన్‌కు కారెక్కుతూ జాయింట్ డైరెక్టర్ గారు ఆమెతో ఒకే మాట అన్నారు. "మహబూబాబాద్‌లో కూడా ఆ మనిషి మైకు పట్టుకుంటే, నేను మీ మీద పైకి రాయాల్సి వస్తుంది."

హరితకు నిద్ర పట్టలేదు. దానికి తోడు మహబూబాబాద్ సభ మీద ఆమె ఆశ కూడా పెట్టుకుంది. సభ గురించి చెప్పడానికి దంతాలపల్లి వైపు వెళ్లినప్పుడు, వజ్రమ్మ అనే ఆవిడ నడిపే పిండివంటల యూనిట్ చూసింది. రేకుల షెడ్డులో కట్టెల పొయ్యిల మీద పెద్ద మూకుళ్లు, చుట్టూ పదిమంది ఆడవాళ్లు. సకినాలు ఎర్రగా వేగుతున్నాయి, వాళ్ల కళ్లు అంతకంటే ఎర్రగా ఉన్నాయి. వజ్రమ్మ మాట్లాడుతుంటే మధ్యమధ్య దగ్గు.

"దవాఖానల డాక్టరు పొగకు దూరముండుమన్నడు మేడం. పొయ్యి కాడ కూసోకుంటె ఈళ్లందరికి పనెట్ల? సిలిండర్లు పెడితె మిగిలేది లేదు. మా పక్కపొంటి షెడ్లోళ్లు గూడ గిట్లనే పరేషాన్ అయితున్నరు. అందరం కలిసి ఒక్క పైపడిగితె ఇయ్యరా?"

హరిత ఉలిక్కిపడింది. అంత చదువూ చదివి తనకు తట్టని మాట అది. "మీరొచ్చి ఇదే మాట మైకులో చెప్పాలి వజ్రమ్మక్కా. నేను చెప్తే రికార్డు కాదు. ఇదే ఆఖరి సభ, దీని తర్వాత ముసాయిదా ఖాయమైపోతుంది," అంది.

"అస్తం మేడం. పొద్దుగాల సరుకు దించి, అందరం అస్తం."

సభ రోజు హరిత కళ్లన్నీ గుమ్మం మీదే ఉన్నాయి. మిల్లులవాళ్లు చెప్పారు, వెళ్లారు. కుర్చీలు సగం ఖాళీ అయ్యాయి. వజ్రమ్మ జాడ లేదు. ఫోను చేస్తే కలవడం లేదు. "ముగించండి," అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు లేస్తూ. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి తెల్లచొక్కా లేచింది.

"సార్లకు, మేడంలకు నమస్తే. ఒక్కటే ముచ్చట."

"అయిపోయింది!" అన్నాడు నగేష్ పైకే.

నిప్పు పుట్టింది. పిడకలు ఎండాయి. అత్తగారు వచ్చింది. జాయింట్ డైరెక్టర్ గారి ముఖం కందగడ్డయింది. "హరితగారూ! ఆ మైకు లాక్కోండి!" అన్నారు. హరిత వేదిక దిగింది. ఒకపక్క కోపం, ఇంకోపక్క భయం, ఏడుపొక్కటే తక్కువ. వెళ్లి మైకు పట్టుకుని లాగింది. పోశాలు మైకుకు అరచేయి అడ్డం పెట్టి, మొట్టమొదటిసారి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత, జరసేపు ఆగు. మా బస్సు డ్రైవరు ఫోన్ జేసిండు, ఆ ఆడోళ్ల ట్రాలీ ఆటో టైరు పంచరైంది. నర్సింహులపేట కాడ ఇంకో బండెక్కిండ్రు. అస్తున్నరు."

హరిత చెయ్యి మైకు మీదే ఆగిపోయింది. మైదాపిండి చొక్కా గఫార్, దుమ్ము కొట్టుకొచ్చిన అన్నదమ్ములు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చారు. ఓరి దేవుడా! ఈయన మాట్లాడుతున్నది మాట్లాడటానికి కాదా?

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి వేదికెక్కింది. రెండో మైకు తీసుకుంది.

"పోశాలు గారూ, ఇందాక మీ అత్తగారు కిరసనాయిలు స్టవ్వు గురించి ఏదో అన్నారు. అది సరిగ్గా రికార్డు కాలేదు. మొదటినుంచీ మళ్లీ చెప్తారా?"

హాలు నోరు తెరిచింది. పోశాలు కూడా తెరిచాడు. మళ్లీ చెప్పమని అడిగిన మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"హరితగారూ, నా రైలు!"

"సార్, మైకు దగ్గర మనిషి ఉన్నంతవరకు సభ నడవాలి. నియమం మనం రాసిందే కదా సార్."

ఇంక చూడాలి ఆ సంబరం! నగేష్‌కు విషయం ఎలా అర్థమైందో ఏమో, సౌండు పెంచి, "అన్నా, ఊక పొయ్యి సంగతి సగంలనే ఇడిసినవ్!" అని అందించాడు. వెనకనుంచి ఎవరో, "సిలిండరు తెచ్చిందెవరో గూడ చెప్పుర్రి!" అన్నారు. పోశాలు రెచ్చిపోయాడు. అత్తగారు మూడోసారి చారు పొంగించింది. సిలిండరు ఎద్దులబండి మీద ఊరేగింది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. జాయింట్ డైరెక్టర్ గారు నడుము పట్టుకుని కూలబడ్డారు. పోశాలు గొంతు బొంగురుపోయింది, చివరికి గాలి తప్ప మాట రావడం లేదు. ఆ గాలితోనే ఆయన "ఆఖరుగ..." అంటుండగా గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. వజ్రమ్మ! వెనక పదిమంది ఆడవాళ్లు, ఆ వెనక పక్క షెడ్లవాళ్లు. హరిత తాను ఆఫీసరన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టేసింది.

వజ్రమ్మ మైకు తీసుకుంది. దగ్గు ఆపుకుంది.

"సార్, పెద్దోళ్లకు ఇయ్యొద్దంటలేం. పెద్ద ఫ్యాక్టరీల ఒక్క పొయ్యి ఎంత మండుతదో, మా షెడ్లల్ల పొయ్యిలన్ని కలిపితె గంత మండుతయి. మమ్ముల అందర్ని కలిపి ఒక్కరి లెక్క పట్టుకోండ్రి. ఒక్క పైపియ్యుండ్రి. మేం పంచుకుంటం. గంతే సార్."

జాయింట్ డైరెక్టర్ గారు వాచీ చూసుకోబోయి మానేశారు. పోయిన రైలు ఎలాగూ పోయింది. పెన్ను తీసి, "ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు. ఈసారి నిజంగానే రాసుకున్నారు.

బయట పోశాలు వేడినీళ్లు పుక్కిలిస్తుంటే హరిత పక్కన నిలబడింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదా కాకా?"

"చెప్తె టైమంటె టైమే అంటరు బిడ్డా," అన్నాడు పోశాలు గుసగుసగా. "ఉరికొచ్చేటోళ్లను అద్దంల చూసినంక బస్సు కదిలిచ్చుడు నాతోని ఎన్నడు కాలె. మెమోలు మస్తుగ తిన్న. ఇప్పుడు మెమో ఇచ్చేటోడు గూడ లేడు. ఇగ నాకేం భయం?"

"మరి మీ అత్తగారి కథలన్నీ నిజమేనా?"

"అత్తా? నా పెండ్లినాటికే ఆమె లేదు బిడ్డా! ఏదో ఒకటి చెప్పాలె గదా."

కొన్ని నెలలకు సవరించిన ముసాయిదా వచ్చింది. ఒకచోట ఉన్న చిన్న యూనిట్లు కలిసి ఉమ్మడి కనెక్షన్ తీసుకోవచ్చని అందులో ఒక వాక్యం చేరింది. పైపు ఇంకా రాలేదనుకోండి. ప్రభుత్వం పైపు కదా, నిదానంగా వస్తుంది. ఉమ్మడిగా పేర్లిచ్చే సభ మాత్రం మహబూబాబాద్‌లోనే పెట్టారు. ఈసారి హరిత సభ టైము పెట్టేముందు పోశాలుకు ఫోన్ చేసి, ఏ ఊరి బస్సు ఎప్పుడొస్తుందో అడిగింది. ఆయన బస్సులు కనిపెట్టిన నాటినుంచి మొదలుపెట్టాడు. ఆమె ఫోను స్పీకరులో పెట్టి, ఆ రోజు ఫైళ్లన్నీ చూసేసింది.

సభ రోజు హాలు ముందే నిండిపోయింది. వజ్రమ్మ బృందం, పక్క షెడ్లవాళ్లు, మిర్చి ఆరబెట్టేవాళ్లు అందరూ తీరిగ్గా కూర్చుని మంచినీళ్లు తాగుతున్నారు. జాయింట్ డైరెక్టర్ గారు ఈసారి తిరుగు టికెట్ మర్నాటికే తీసుకున్నారు, నడుముకు బెల్టు కూడా పెట్టుకొచ్చారు. హరిత నవ్వుతూ దిగి వెళ్లి, మైకు తనే తీసుకెళ్లి పోశాలు చేతిలో పెట్టింది. జనం కుర్చీల్లో సర్దుకున్నారు.

పోశాలు లేచాడు. గుమ్మం వైపు చూశాడు. హాలంతా ఒకసారి కలియజూశాడు.

"అందరొచ్చిండ్రు. ఇగ మొదలువెట్టుండ్రి," అని మైకు హరిత చేతికిచ్చి కూర్చున్నాడు.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది వజ్రమ్మే. గాభరాగా ఆయన దగ్గరకు పరుగెత్తి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"కండక్టరన్నా, పానం మంచిగ లేదా ఏంది?"