చేపల తొట్టి కింద నా ఇంజనీరింగు

ఊళ్లో వాననీరు ఇళ్లలోకి రాకుండా కాలువలు డిజైను చేసే ఇంజనీర్ని నేను. అంతటివాడికి ఇంట్లో చేపల తొట్టి కింద, నీరు శుభ్రపడేందుకు ఇంకో తొట్టి కట్టడం ఎంతసేపు అనుకున్నాను. పై తొట్టిలో పొర్లిన నీరు గొట్టంలోంచి కిందికి దిగాలి. అక్కడ గాజు అడ్డుపలకల మధ్య నెమ్మదించి, మురికి వదిలి, నాచు పెంచే అరలోంచి సాగి, మోటారుతో మళ్లీ పైకెక్కాలి. పలకల ఎత్తు, నీటి వేగం అన్నీ లెక్కగట్టి, తొట్టి కట్టేసి, వద్దంటున్నా వినకుండా మా అత్తగారికి వివరించి చెప్పాను.

మర్నాడు కరెంటు పోయింది. మోటారు ఆగింది గాని నీళ్లు ఆగలేదు. పైకి తోడాల్సిన గొట్టమే పై తొట్టి నీటిని వెనక్కి లాగేసి, కింది తొట్టి నిండి, హాలంతా పారింది.

"ఊరికి మీరు గీసే కాలువలు కూడా ఇలాంటివేనా?" అని మా ఆవిడ తుడుపుగుడ్డ చేతికిచ్చింది.

ఆ గొట్టానికి, పై తొట్టి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెట్టాను. అందులోంచి గాలి దూరితే నీరు వెనక్కి రాదు. కింది తొట్టిలో నీళ్లు కూడా తగ్గించాను.

కొన్నాళ్లకు మా అత్తగారు నాచు అరలో చేపపిల్లల్ని చూశారు. పైన ఉంటే పెద్దచేపలు మింగేసేవి. నీటితోపాటు కిందికి జారి బతికిపోయాయి.

"ఇది కూడా లెక్కేసే కట్టావా బాబూ?"

"అవునత్తయ్యా," అన్నాను, ఏమాత్రం తడబడకుండా.

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.