భోజనమయ్యాక వేసిన డిస్టింక్షన్లు

ఆత్మారాం సార్ పేరు చెబితే నిజామాబాద్ సర్కారు కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు చెమటలు పట్టేవి. రక్తపు చుక్క గాజుపలక మీద సరిగ్గా పరుచుకోకపోతే "మల్ల చెయ్యి" అనేవాడు. ఏడ్చినా కరిగేవాడు కాదు. అక్కడ ఏడాదికి ఒకరిద్దరికి డిస్టింక్షన్ వస్తే గొప్ప.

అదే మనిషి బోధన్ రోడ్డు మీది ప్రైవేటు కాలేజీ ప్రాక్టికల్స్‌కు బయటి ఎగ్జామినర్‌గా పోతే మైనం ముద్ద! చెరుకు తోటల ఆసామి జగన్మోహనరావు ఆ కాలేజీ పెట్టాడు. గేటు దగ్గరే చెయ్యి పట్టుకునేవాడు.

"ముందు భోంచెయ్యండి సార్. పరీక్షలెక్కడికి పోతాయి?"

నాటుకోడి పులుసు, గారెలు, గడ్డపెరుగు. పిల్లలు వరండాలో కూర్చుని ఉండగానే, చెయ్యి కడిగిన సార్ ముందుకు మార్కుల షీటు వచ్చేది. తిన్న నోటితో కాదనలేక అందరికీ నిండా వేసేవాడు. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టిందా!

ఒక ఏడు ఆ కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాలు వెలిశాయి: "సర్కారు కాలేజీలో ఇద్దరికి డిస్టింక్షన్, మా దగ్గర నలభై మందికి!" బస్సులోంచి అది చూసి ఆత్మారాం ముఖం తిప్పుకున్నాడు. పక్కనున్న భార్య ప్రమీలమ్మ ఊరుకోలేదు.

"గిదేందయ్యా? మీ పోరగాండ్లు గంత మొద్దులా?"

"ఊకో ప్రమీలా. మార్కులేస్తే మనదేం పోతది? ఉత్త కాయితం," అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

రెండేళ్లు తిరక్కముందే, మే నెలలో, టౌన్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రమీలమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేశారు. రక్తం చాలా పోయింది, ఎక్కించాలన్నారు. ఆత్మారాం మందులకు పోయి వచ్చేసరికే సంచీ వేలాడుతోంది, చుక్క చుక్క దిగుతోంది. సంచీ మీద 'బి' అని ఉంది.

ప్రమీలమ్మది 'ఓ'. పెళ్లయిన కొత్తలో తన చేత్తో తానే పరీక్ష చేసి చూశాడు. గ్రూపు కలవని రక్తం ఎక్కితే ముందు చలి పుడుతుందని, ఆనక ప్రాణం మీదికొస్తుందని ఏటా పిల్లలకు చెప్పేది అతనే.

"ఆపండి! ఎవడు చూసిండు గ్రూపు?" అతని కేకకు నర్సు ఉలిక్కిపడి గొట్టం మూసింది. ల్యాబులోంచి తెల్లకోటు కుర్రాడు హన్మాండ్లు పరుగున వచ్చాడు. ఆత్మారాంను చూడగానే వాడి ముఖం వెలిగింది.

"నమస్తే సార్! నేనే చూసిన. గుర్తువట్టలేదా? మీరు డిస్టింక్షన్ ఇచ్చిన బ్యాచే."

"పరీక్షనాడు గ్రూపు చేసి సూపెట్టినవా నాకు?" అడిగాడు ఆత్మారాం.

"యాడ సార్? మీరు అన్నం తింటుండ్రని మమ్ములను లోపలికి రానియ్యలే. చెయ్యకున్నా మార్కులేసిండ్రు. మీ అసొంటి సార్లు ఉండరని ఇప్పటికీ అనుకుంటం."

వాడిది వెక్కిరింత కాదు. నిజంగానే చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ కృతజ్ఞత చూడలేక ఆత్మారాం మంచం వైపు తిరిగాడు. డాక్టరు కోసం నర్సు పరిగెత్తింది. బయట రోళ్లు పగిలే ఎండ.

ప్రమీలమ్మ కళ్లు తెరిచి అతని చెయ్యి వెతుక్కుంది.

"ఏమయ్యా, సలి పెడుతుంది... దుప్పటి కప్పు," అంది. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.