ఆఖరి బెంచీలో లెక్కల మాస్టారు

లెక్కల మాస్టారు పరమ సౌమ్యుడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన బెత్తం ముట్టలేదు, గొంతు పెంచలేదు, ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని కూడా అనలేదు. బోర్డు వైపు తిరిగి, ముత్యాల్లాంటి అంకెలు పేరుస్తూ, ఆ అంకెలతోనే మాట్లాడి, గంట కొట్టగానే చేతులు దులుపుకుని వెళ్లిపోవడం ఆయన జీవన విధానం.

ఇంతటి ప్రశాంతతకు ఏకైక భంగం ఏడో తరగతి బి సెక్షను. అందులోనూ మూడో బెంచీలో కూర్చునే ఓ పిల్ల. తోటివాళ్లు ఆ పిల్లకు పెట్టిన పేరు రేడియో. మాస్టారు అటు తిరగడం ఆలస్యం, రేడియో మొదలయ్యేది. వెనక నాలుగు బెంచీలూ ముందుకు వంగి మరీ వినేవి.

మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మూల రాయడం క్లాసు లీడరు విధి. కళ్లద్దాల ఆ లీడరుకు స్నేహం వేరు, ధర్మం వేరు. రేడియో పేరు రోజూ చెరిపి రాయడం దండగని, సుద్దముక్క ఆదా కోసం శాశ్వతంగా ఉంచేశాడు.

చివరికి హెడ్‌మిస్ట్రెస్ మాస్టారిని పిలిచి తెల్లకాగితం చేతిలో పెట్టింది. "ఆ పిల్ల గోల నా గది దాకా వస్తోంది మాస్టారూ. సాయంత్రంలోగా ఫిర్యాదు రాసివ్వండి. రేపు వాళ్ల నాన్నను పిలిచి టీసీ ఇచ్చి పంపేస్తా."

ఒక పిల్ల చదువు తన సంతకంతో ఆగిపోవడం మాస్టారికి మింగుడుపడలేదు. ఆఖరి ప్రయత్నంగా క్లాసులో అన్నాడు: "ఏమ్మా, అంత మాట్లాడాలనుంటే ఇటురా. ఈ లెక్క నువ్వే చెప్పు. నేను వెనక కూర్చుని వింటా."

రేడియో వచ్చింది. అచ్చం మాస్టారిలాగే ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకుని, బోర్డు వైపు తిరిగి, లెక్కతో మంతనాలు మొదలెట్టింది. క్లాసంతా నోళ్లు నొక్కుకుంది. ఆఖరి బెంచీలో మాస్టారికి ఫ్యాను గరగర వినిపించింది, పక్క క్లాసు వల్లెవేత వినిపించింది, వీధిలో లారీ హారన్ వినిపించింది. లెక్క మాత్రం వినిపించలేదు. పక్కనున్న బొద్దబ్బాయి వైపు వంగి గుసగుసగా, "ఏమందిరా?" అన్నాడు.

"ఏమో సార్. రోజూ మాకు చెప్పేది ఆ రేడియోయే కదా. అదే అక్కడికెళ్లిపోతే ఇంకెవరు చెప్తారు?"

"రోజూ ఏం చెప్పేది?"

"మీరేమన్నారో అదే సార్."

లీడరు లేచి, ఏమాత్రం తడబడకుండా వెళ్లి, బోర్డు మూల 'సార్' అని రాశాడు.

గంట కొట్టాక మాస్టారు రేడియోను ఆపాడు. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఇటు తిరిగితేగా సార్ చెప్పడానికి!"

సాయంత్రం తెల్లకాగితం తెల్లగానే తిరిగొచ్చింది. "ఫిర్యాదేదీ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"పిల్ల మీద లేదండి. నా గొంతు మూడో బెంచీ దాటడం లేదు. తర్వాతి బెంచీలకు పాఠం ఆ పిల్లే చేరవేస్తోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

మాస్టారు మనసులో లెక్కవేయబోయి, భయపడి మానేశాడు.

మర్నాటి నుంచి పిల్లల వైపు తిరిగి గట్టిగా చెప్పడం మొదలెట్టాడు. రెండు రోజులకే గొంతు బొంగురుపోయింది. బోర్డు మీది అంకెలు వంకర్లు పోయాయి. క్లాసు ఓ మోస్తరుగా సద్దుమణిగింది. గురువారం రేడియో మళ్లీ గొంతు విప్పింది. ఈసారి విషయం వాళ్లింటి పిల్లి, దాని నాలుగు కూనలు.

"నోరు మూసుకో!" అన్నాడు మాస్టారు. ఆఖరి బెంచీ దాకా వినిపించింది.