ఉడుత బొమ్మ, సగం పలక

మా చిన్నప్పుడు... మార్కాపురంలో, అయిదో తరగతి ఆఖరి రోజు. టీచరమ్మ కాకి, ఉడుతల స్నేహం కథ చదివి మాచేత స్నేహం గుర్తులు చేయించింది.

మా నాయనది పలకల ఫ్యాక్టరీలో పని. పగిలిన పలకలు సంచిలో వేసి ఇచ్చాడు. టీచరమ్మ ఒక్కో పలకను రెండు చేసి, జంటకు చెరో ముక్క ఇచ్చింది. నా ముక్క మీద నా జంట మస్తాన్ పేరు, వాడి ముక్క మీద నా పేరు... మేకుతో గీసుకున్నాం.

"దోస్తును పట్టించేవాడి దగ్గర ఇది ఉండకూడదురా" అంది టీచరమ్మ.

మస్తాన్ వాళ్ల నాయన దర్జీ. వాడు దుకాణంలోంచి కత్తెర తెచ్చాడు. అందరూ నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు టీచరమ్మ కథల పుస్తకంలోంచి ఉడుత బొమ్మ కోసి నా చేతిలో పెట్టాడు.

"ఉంచుకోరా. నీకిష్టం గదా."

"టీచరమ్మ చంపుతాది."

"ఆమెకెట్ల తెలుస్తాది?"

తెలిసింది. జేబులు వెతికింది. బొమ్మ నా జేబులో దొరికింది.

"ఏందిరా ఇది?"

నేను నోరు విప్పలేదు... పట్టించకూడదు కదా. మస్తాన్ లేచి నిలబడ్డాడు. నిజం చెబుతాడనుకున్నాను.

"వీడే కోసినాడు టీచర్. కత్తెర నన్నడిగి తీసుకున్నాడు."

"భలే దోస్తు దొరికినాడురా నీకు!" వెనక వరసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. టీచరమ్మ నా సగం పలక తీసేసుకుంది. వాడిది వాడి దగ్గరే ఉండిపోయింది.

ఆ వేసవిలోనే మస్తాన్ వాళ్లు కంభం వెళ్లిపోయారు. మళ్లీ మాట్లాడలేదు.

మా ఆవిడ శారద తర్లుపాడు దగ్గర బడిలో టీచరు. పిల్లలతో ఇదే పని అట్టముక్కలతో చేయించేది. నా కథ కూడా చెప్పేది... వాడు బొమ్మ కోసి ఇచ్చేదాకా మాత్రమే.

"మిగతాది చెప్పవా?" అని నేనంటే, "అది మీరే వచ్చి చెప్పండి. ఇన్నేండ్లైనా ఆ ఉడుతను వదల్లేదు మీరు" అని నవ్వేది.

నేను వెళ్లలేదు. పోయిన వానాకాలంలో ఆమె పోయింది.

ఈరోజు ఆమె సామాను తెచ్చుకోవడానికి ఆ బడికి వెళ్లాను. మూడో తరగతి పాప ఒకతి అట్టముక్క పట్టుకుని వచ్చింది.

"సార్, బొమ్మ ఇచ్చినోడు తర్వాత ఏం చేసినాడు? టీచర్ చెప్పనేలేదు."

సామాను సంచి ఎత్తుకుని బస్సెక్కి వచ్చేశాను.

మస్తాన్‌ను క్షమించానని చెప్పను. క్షమించలేదు. ఇప్పటి పుస్తకాల్లో స్నేహం కథలకు, రంగుల బొమ్మలకు కొదవ లేదు... స్నేహితుడు లేచి నిలబడి అబద్ధం చెప్పిన రోజు మాత్రం ఎవరూ చెప్పరు. మీకూ అట్లాంటి రోజుంటే రాయండి.

రేపు పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వెళ్లి, ఆ పాపకు మిగతా సగం చెబుతాను.